పక్షవాతం తర్వాత చెయ్యి ఎందుకు బిగుసుకుంటుంది? స్పాస్టిసిటీలో నరం వాటా, కండరం వాటా

క్లుప్తంగా: మెదడు లేదా వెన్నుపాము దెబ్బతిన్నాక కాళ్లూ చేతుల్లో వచ్చే బిగుతు ఒకటి కాదు, రెండు. వేగంగా సాగదీసినప్పుడు కండరం ఎదురు తిరగడం ఒకటి. అది నరాల వ్యవహారం, అసలు స్పాస్టిసిటీ అదే. కండరమే పొట్టిదై గట్టిపడటం రెండోది. చేత్తో చూసే పరీక్షలో రెండూ దాదాపు ఒకేలా తగులుతాయి. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే స్కేలు కూడా వీటిని విడదీయదు. మందులు, ఇంజెక్షన్లు ప్రధానంగా మొదటిదాని మీదే పనిచేస్తాయి కాబట్టి ఏది ఎంత ఉందన్నది చికిత్సను మార్చేస్తుంది.

పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో చెయ్యి తోటకూర కాడలా వేలాడుతుంది. ఎత్తి వదిలితే మంచం మీద దబ్బున పడుతుంది. కొన్ని వారాలు గడిచాక చాలామందిలో అదే చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకోవడం మొదలవుతుంది. వేళ్లు పిడికిలి పట్టేస్తాయి, బొటనవేలు అరచేతిలో ఇరుక్కుంటుంది. గోళ్లు తీయాలన్నా, చొక్కా తొడగాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. ఇంట్లోవాళ్లకు అయోమయం ఇక్కడే మొదలవుతుంది. చచ్చుబడిన చెయ్యి గట్టిపడిందంటే బలం వస్తున్నట్టా, జబ్బు ముదురుతున్నట్టా?

ఖచ్చితంగా ఏదీ చెప్పలేం. పక్షవాతం నుంచి కోలుకునే తీరును అమెరికన్ న్యూరాలజిస్టు థామస్ ట్విచెల్ 1951లో వివరంగా నమోదు చేశారు. ముందు రిఫ్లెక్సులు (తట్టినా, సాగదీసినా కండరం తనంతట తానే స్పందించడం) తిరిగొస్తాయి, తర్వాత బిగుతు, ఆ తర్వాత కదలిక. బాగా కోలుకునేవారు బిగుతును దాటి ముందుకు వెళ్తారు, మిగతావాళ్లు అక్కడే ఆగిపోతారు. కాబట్టి బిగుతు ఒక్కదాన్నే చూసి మంచో చెడో తేల్చడం కుదరదు. ‘నరాలు పట్టేశాయి, గట్టిగా లాగితే వదులుతాయి’ అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. అందులో సగం నిజం. పట్టేసింది నరాల వల్లే కావచ్చు, కానీ గట్టిగా, ఒక్కసారిగా లాగితే అవి ఇంకా పట్టేస్తాయి.

మోకాలి మీద సుత్తి దెబ్బ

ఎందుకలా అన్నది తెలియాలంటే డాక్టర్లు చేసే పాత పరీక్ష ఒకటి గుర్తు చేసుకుంటే చాలు. మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. ఆ చిన్న దెబ్బకు తొడ ముందు కండరం ఒక్క క్షణం సాగుతుంది. కండరం లోపల కదురు ఆకారంలో సన్నటి గ్రాహకాలు ఉంటాయి. వాటిని మజిల్ స్పిండిల్స్ అంటారు. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అన్న కబురును అవి వెన్నుపాముకు చేరవేస్తాయి. అక్కడి మోటార్ న్యూరాన్, అంటే కండరాన్ని నడిపే నరకణం, వెంటనే అదే కండరాన్ని ముడుచుకోమంటుంది. కబురు వెళ్లి ఆదేశం తిరిగి రావడానికి పట్టేది సుమారు 20 మిల్లీసెకన్లు. ఎడ్వర్డ్ లిడెల్, చార్లెస్ షెరింగ్‌టన్ 1924లో దీన్ని స్ట్రెచ్ రిఫ్లెక్స్‌గా వర్ణించారు.

ఇంత వేగంగా జరిగే పనిలో మెదడు ప్రతిసారీ వేలు పెట్టదు. అయితే ఆ రిఫ్లెక్స్ ఎంత జోరుగా ఉండాలన్నది మాత్రం పైనుంచే నిర్ణయమవుతుంది. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే మార్గాల్లో కొన్ని రిఫ్లెక్స్‌ను అణిచి ఉంచుతాయి, కొన్ని ఎగదోస్తాయి. అణిచే మార్గం సరిగా పనిచేయాలంటే దానికి మెదడు పైపొర నుంచి దన్ను కావాలి. ఎగదోసే మార్గాలకు ఆ దన్ను అంతగా అవసరం లేదు. పైభాగంలో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా అణిచే మార్గం బలహీనపడుతుంది, ఎగదోసేవి మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఫలితంగా తాసు ఒకవైపుకు ఒరిగిపోతుంది.

చచ్చుబడటమూ బిగుసుకోవడమూ ఒకే తీగ తెగడం వల్ల వచ్చేవి కావు. కోతులపై జరిగిన ప్రయోగాల్లో, కదలికకు ప్రధానమైన పిరమిడల్ మార్గాన్ని మాత్రమే తెంపితే బలహీనత, నేర్పు పోవడం కనిపించాయి గానీ స్పాస్టిసిటీ రాలేదు. ఆ మార్గానికి పక్కనే నడిచే ఇతర మార్గాలు కూడా దెబ్బతింటేనే బిగుతు వస్తుంది. మనుషుల్లో ఒక్క దెబ్బకు రెండూ దెబ్బతినడం మామూలు కాబట్టి ఈ తేడా బయటికి కనిపించదు. బిగుతు తగ్గితే కదలిక దానంతటదే వస్తుందన్న ఆశ చాలాసార్లు నెరవేరకపోవడానికి కారణం మాత్రం ఇదే.

మరి వారాల ఆలస్యం ఎందుకు? దెబ్బ తగిలిన వెంటనే, ముఖ్యంగా వెన్నుపాము గాయాల్లో, రిఫ్లెక్సులు పూర్తిగా మాయమవుతాయి. దీన్ని స్పైనల్ షాక్ అంటారు. పైనుంచి ఆదేశాలు ఆగిపోయిన న్యూరాన్లు ఆ తర్వాతి వారాల్లో తమను తాము మార్చుకుంటాయి. చిన్న ప్రేరణకే స్పందించి, స్పందన మొదలయ్యాక తొందరగా ఆగకుండా తయారవుతాయి. న్యూరాన్‌లోంచి క్లోరైడ్‌ను బయటికి తోడే కేసీసీ2 అనే ప్రొటీన్ వెన్నుపాము గాయం తర్వాత తగ్గిపోతుందని 2010లో ఎలుకల్లో గమనించారు. క్లోరైడ్ లోపలే పేరుకుంటే ‘ఆగు’ అని చెప్పే రసాయన సంకేతానికి బలం ఉండదు. అంటే స్పాస్టిసిటీ గాయంతో పుట్టేది కాదు, గాయానికి వెన్నుపాము సర్దుబాటు చేసుకునే క్రమంలో పుట్టేది.

వేగమే గుర్తు

1980లో ఆస్ట్రేలియన్ న్యూరాలజిస్టు జేమ్స్ లాన్స్ ఇచ్చిన నిర్వచనమే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. దాని సారం ఇది: సాగదీసే వేగం పెరిగేకొద్దీ స్ట్రెచ్ రిఫ్లెక్స్ పెరగడం, దానితోపాటు సుత్తి పరీక్షలో స్పందన అతిగా ఉండటం. ఇందులో కీలకమైన మాట వేగం. మోచేతిని నెమ్మదిగా చాపితే పెద్దగా అడ్డు లేకుండా వచ్చేస్తుంది. చటుక్కున చాపితే మధ్యలో ఎక్కడో పట్టేస్తుంది, ఆ పట్టు ఒక్కసారిగా వదులుతుంది. మడత చాకును తెరిచేటప్పుడు మొదట బిగువుగా ఉండి తర్వాత జారినట్టే ఉంటుంది కాబట్టి దానికి మడత చాకు లక్షణం అని పేరు. పాదాన్ని చటుక్కున పైకి నెట్టి పట్టుకుంటే కొందరిలో అది సెకనుకు ఐదారుసార్లు టకటకా కొట్టుకుంటుంది. దాన్ని క్లోనస్ అంటారు.

పార్కిన్సన్స్‌లో వచ్చే బిగుతు వేరు. అక్కడ నెమ్మదిగా కదిపినా వేగంగా కదిపినా, వంచినా చాపినా అడ్డు ఇంచుమించు ఒకేలా ఉంటుంది, సీసపు గొట్టాన్ని వంచుతున్నట్టు. స్పాస్టిసిటీ అలా అన్ని కండరాలనూ సమానంగా పట్టదు. చేతిలో వంచే కండరాలను, కాలిలో చాపే కండరాలను ఎక్కువగా పడుతుంది. పక్షవాతం వచ్చిన మనిషి చెయ్యి ఛాతీ దగ్గరికి ముడుచుకుని, కాలు మాత్రం కర్రలా చాపుకుని, పాదాన్ని అర్ధచంద్రాకారంగా తిప్పుతూ నడవడానికి కారణం ఇదే. ఆ కర్రలాంటి కాలు కొంతవరకు మేలే చేస్తుంది. బలం లేని తొడను అది నిలబెడుతుంది. మందుతో బిగుతు మొత్తం తీసేస్తే నిలబడగలిగిన మనిషి కూలబడిపోవచ్చు.

కారణాలు: నిండు నెలలు నిండని శిశువు నుంచి కేసరి పప్పు వరకు

పక్షవాతం, తలకు దెబ్బ, వెన్నుపాము గాయం, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల తొడుగులు దెబ్బతినే జబ్బు), వెన్నెముక క్షయ, మెడ దగ్గర వెన్నుపాము నలగడం, ఇవన్నీ అందరికీ తెలిసిన కారణాలే. వీటి గురించి వేరుగా చెప్పాల్సింది తక్కువ. పిల్లల్లో ప్రధాన కారణం సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలో వచ్చే లోపం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో మెదడు లోపలి గదుల చుట్టూ ఉండే తెల్ల పదార్థం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. కాళ్లకు వెళ్లే తంతువులు ఆ గదులకు మరీ దగ్గరగా నడుస్తాయి. అందుకే ఆ పిల్లల్లో చేతులకన్నా కాళ్లే ఎక్కువగా బిగుసుకుంటాయి, నడిస్తే మోకాళ్లు కత్తెరలా అడ్డంపడతాయి.

తెలుగు నేలకు దగ్గరి సంబంధం ఉన్న కారణం ఫ్లోరైడ్. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వెలువడిన తొలి వివరణల్లో 1937 నాటిది ముఖ్యమైనది. షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో దాన్ని గుర్తించారు. తర్వాతి కాలంలో ఆ పేరు ఎక్కువగా నల్గొండతో ముడిపడింది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ స్థాయి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసలు మందమెక్కుతాయి, వాటిని కలిపే పట్టీల్లో సున్నం చేరుతుంది, వెన్నుపాము వెళ్లే గొట్టం ఇరుకవుతుంది. ముదిరిన కేసుల్లో వెన్నుపాము నలిగి కాళ్లు బిగుసుకుంటాయి. ఇలాంటి రోగిలో నడుము, మెడ తిరగకపోవడం ఎముక వల్ల. కాళ్లు బిగుసుకోవడం నరం వల్ల. ఒకే ఒంట్లో రెండు బిగుతులు, రెండు కారణాలు. బయటినుంచి చూసేవారికి మాత్రం ‘మనిషి కొయ్యబారిపోయాడు’ అన్న ఒక్క మాటే.

మధ్యప్రదేశ్‌లోని రీవా, సత్నా ప్రాంతాల్లో ఒకప్పుడు కేసరి పప్పు ఈ పని చేసింది. కరువుకు తట్టుకునే పంట కావడంతో పేద కూలీల తిండిలో నెలల తరబడి అదే ప్రధానమయ్యేది. అందులోని ఓడాప్ అనే విషపదార్థం కాళ్లను నడిపే మోటార్ మార్గాలను దెబ్బతీస్తుంది. స్పర్శ, తెలివి చెక్కుచెదరకుండా కాళ్లు మాత్రం బిగుసుకుంటాయి. ఈ లాథిరిజం తీవ్రతను వైద్యులు కర్రలతో లెక్కపెట్టారు: కర్ర అక్కర్లేని దశ, ఒక కర్ర దశ, రెండు కర్రల దశ, పాకే దశ. ఇందులో బిగుతు ఎంతో ఎవరూ కొలవలేదు. మనిషి ఏం చేయగలుగుతున్నాడన్నది కొలిచారు. ఆసుపత్రి స్కేళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోదగ్గది. ఈ పప్పు అమ్మకంపై 1961లో దేశంలో ఆంక్షలు వచ్చాయి.

కొలత ఎక్కడ తడబడుతుంది

ఫిజియోథెరపీ కాగితాల మీద ‘ఎంఏఎస్ 2’, ‘టోన్ 1+’ లాంటి రాతలు కనిపిస్తాయి. ఇవి ఆష్‌వర్త్ స్కేలు గ్రేడ్లు (ఎంఏఎస్ అంటే మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలు). మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో కారిసోప్రొడాల్ అనే మందును పరీక్షించడానికి బ్రయాన్ ఆష్‌వర్త్ 1964లో దీన్ని తయారు చేశారు. ఒక మందు పరీక్ష కోసం పుట్టిన సాధనం ప్రపంచమంతటా ప్రమాణమై కూర్చుంది. 1987లో బోహానన్, స్మిత్ దానికి 1+ అనే మెట్టు చేర్చారు. పరీక్ష చేసేవారు కీలును సుమారు ఒక్క సెకనులో చాపి ఎంత అడ్డు తగిలిందో చూసి అంకె వేస్తారు. ఏమీ లేకపోతే 0. చివర్లో కాస్త పట్టు తగిలితే 1. పట్టు తగిలాక మిగిలిన దూరమంతా (అది మొత్తం కదలికలో సగానికన్నా తక్కువ) స్వల్ప అడ్డు ఉంటే 1+. చాలా మేర అడ్డున్నా సులువుగా కదిలితే 2, కదపడం కష్టమైతే 3, కీలు కదలకుండా బిగుసుకుపోతే 4.

సులువు, ఖర్చు లేనిది, పరికరం అక్కర్లేనిది. అందుకే నిలిచింది. చిక్కు ఏమిటంటే, లాన్స్ నిర్వచనంలో ప్రాణమైన వేగాన్ని ఇది పక్కన పెట్టేసింది. ఒకే వేగంతో చాపితే తగిలిన అడ్డు రిఫ్లెక్స్‌దో, పొట్టిబడిన కండరానిదో, గట్టిపడిన కీలుదో తెలియదు. గ్రేడ్ 3 పడిన ఇద్దరిలో ఒకరికి నరాల జోరు ఎక్కువై ఉండొచ్చు, మరొకరికి అసలు స్పాస్టిసిటీయే లేకపోవచ్చు. చేయి పట్టుకునే మనిషి మారితే అంకె మారే ఇబ్బంది దీనికి అదనం.

ఫ్రాన్స్‌లో గై టార్డ్యూ 1950లలోనే వేరే దారి పట్టారు. ఆయన పేరుతో ఉన్న పద్ధతిలో కీలును రెండు మూడు వేగాలతో కదుపుతారు. వీలైనంత నెమ్మదిగా కదిపినప్పుడు ఎంతవరకు వచ్చిందన్నది ఒక కోణం. వీలైనంత వేగంగా కదిపినప్పుడు ఎక్కడ పట్టేసిందన్నది ఇంకో కోణం. నెమ్మదిగా కదిపితే రిఫ్లెక్స్ దాదాపు నిద్రలో ఉంటుంది కాబట్టి మొదటి కోణం కండరం అసలు పొడవును చెబుతుంది. రెండింటి మధ్య తేడా నరం వాటాను చెబుతుంది. ఉదాహరణకు ఒక పిల్లవాడి పాదం నెమ్మదిగా నెడితే నిటారు స్థితి (పాదం కాలికి లంబకోణంలో ఉండటం) దాటి 10 డిగ్రీలు పైకి వచ్చి, వేగంగా నెడితే నిటారుకు 15 డిగ్రీల ముందే పట్టేసిందనుకుందాం. తేడా 25 డిగ్రీలు, అంటే తప్పు ఎక్కువగా రిఫ్లెక్స్‌ది. నెమ్మదిగా నెట్టినా నిటారుకు 10 డిగ్రీల ముందే ఆగిపోయి, వేగంగా నెడితే 15 దగ్గర ఆగితే తేడా 5 మాత్రమే. ఇక్కడ పిక్క కండరమే పొట్టిదైంది. ఇద్దరూ మునివేళ్ల మీదే నడుస్తారు, ఆష్‌వర్త్ అంకె కూడా ఒకటే పడొచ్చు. పక్షవాతం రోగుల్లో ఈ రెండు స్కేళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన 2006 నాటి ఆస్ట్రేలియా అధ్యయనం కూడా టార్డ్యూ పద్ధతి ఈ రెండింటినీ విడదీయగలుగుతుందని, ఆష్‌వర్త్ గందరగోళపడుతుందని తేల్చింది.

టార్డ్యూకూ లోపాలున్నాయి. కోణం కొలిచే గోనియోమీటరును పట్టుకునే చేతి నేర్పు మీద, ‘వేగంగా’ అంటే ఎంత వేగమన్న అంచనా మీద అది ఆధారపడుతుంది. పరికరాలతో కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. మంచం అంచున కాలు వదిలి అది ఎన్నిసార్లు లోలకంలా ఊగుతుందో చూసే వార్టెన్‌బర్గ్ పరీక్ష 1951 నుంచి ఉంది. నరానికి చిన్న కరెంటు ఇచ్చి రిఫ్లెక్స్ పరిమాణాన్ని చూసే హెచ్-రిఫ్లెక్స్ పరీక్ష, కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఎంజీ లాంటివి పరిశోధనల్లో బాగా ఉపయోగపడతాయి గానీ రోజువారీ ఓపీల్లో అరుదు.

పైగా కొలిచే వస్తువే నిలకడగా ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, మంచం పుండు, లోపలికి పెరిగిన గోరు, చలి, పరీక్ష గదిలో టెన్షన్, ఏదైనా స్పాస్టిసిటీని పెంచుతుంది. వెన్నుపాము గాయమైనవారిలో బిగుతు ఉన్నట్టుండి పెరిగితే మందు మోతాదు పెంచేముందు యూరిన్ పరీక్ష చేయించడం అందుకే. ఒక్కరోజు చూసి వేసిన ఒక్క అంకెకు ఇవ్వదగ్గ విలువ పరిమితం.

కండరం లోపల ఏమవుతుంది

కండర తంతువు అంటే సార్కోమియర్ అనే అతిచిన్న ముక్కలు గొలుసులా ఒకదాని వెనుక ఒకటి పేర్చిన దారం. మనిషి కండరంలో ఒక్కో సార్కోమియర్ సుమారు 2.7 మైక్రోమీటర్ల పొడవులో ఉన్నప్పుడు ఎక్కువ బలం ఇస్తుంది. కండరం తన వాడకాన్ని బట్టి ఈ ముక్కల సంఖ్యను పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. 1972లో టాబరీ బృందం పిల్లుల కాలిని కండరం పొట్టిగా ఉండే భంగిమలో పట్టీ వేసి ఉంచితే కొన్ని వారాల్లో పిక్కలోని ఒక కండరం వరుసలో 40 శాతం సార్కోమియర్లు పోగొట్టుకుంది. సాగిన భంగిమలో కడితే దాదాపు 20 శాతం పెరిగాయి. ఆ పిల్లులకు నరాల జబ్బేమీ లేదు. అంటే కండరం పొట్టిబడటానికి స్పాస్టిసిటీ తప్పనిసరి కాదు. వంగిన భంగిమలో కదలకుండా ఉంటే చాలు. పక్షవాతం వచ్చిన చెయ్యి మొదటి వారాల్లో వదులుగా ఉన్నప్పుడే, ఒళ్లో ముడుచుకుని పడి ఉండటం వల్ల ఈ మార్పు మొదలైపోవచ్చు.

పిల్లల్లో కథ మరింత చిక్కగా ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీలో మెదడు గాయం పెరగదు, అయినా పిల్లవాడు ఎదిగేకొద్దీ కాళ్లు ఇంకా బిగుసుకుంటాయి. ఎముక తన లెక్కన పెరుగుతుంది, కండరం ఆ వేగాన్ని అందుకోలేదు. ఇలాంటి పిల్లల కండరాల్లో కొత్త కణజాలానికి విత్తనంలాంటి శాటిలైట్ కణాలు బాగా తక్కువగా ఉన్నట్టు పరిశోధనలు చూపాయి. లీబర్, ఫ్రిడెన్ 2002లో ప్రచురించిన కొలతలు మరో ఆశ్చర్యాన్ని బయటపెట్టాయి. శస్త్రచికిత్స సమయంలో మణికట్టును వంచే కండరాన్ని లేజర్‌తో కొలిస్తే, మణికట్టు వంచి ఉన్నప్పుడే సార్కోమియర్లు సుమారు 3.5 మైక్రోమీటర్లు సాగి ఉన్నాయి. పోలిక కోసం తీసుకున్న రోగుల్లో అవి సుమారు 2.4. బిగుసుకున్న కండరం అంటే కుంచించుకుపోయిన సార్కోమియర్లు అని అనుకుంటాం. నిజానికి అక్కడ ముక్కల సంఖ్య తగ్గి, మిగిలినవి విపరీతంగా సాగదీయబడి ఉన్నాయి. అంతగా సాగిన సార్కోమియర్ బలాన్ని ఇవ్వలేదు. బిగుతుగా ఉన్న కండరం ఎందుకు అంత బలహీనంగా ఉంటుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

తంతువుల మధ్య ఉండే కొల్లాజెన్ కూడా పెరుగుతుంది. నిష్క్రియంగా సాగదీసినప్పుడు తగిలే అడ్డులో దానిదే పెద్ద వాటా అని తొడ వెనక కండరాల మీద జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. కొవ్వు చేరుతుంది, కండరం పరిమాణం తగ్గుతుంది. ఇక్కడినుంచి ఒక విషవలయం మొదలవుతుంది. పొట్టిబడి గట్టిపడిన కండరాన్ని కొంచెం లాగినా లోపలి కదురు గ్రాహకాలకు ఆ లాగుడు ఎక్కువగా తెలుస్తుంది. రిఫ్లెక్స్ ఇంకా ముందే మొదలవుతుంది. నరం కండరాన్ని పాడు చేస్తే, కండరం తిరిగి నరాన్ని రెచ్చగొడుతుంది.

దేనికి ఏ మందు

బాక్లోఫెన్ వెన్నుపాములో ఆపే సంకేతాలకు బలం ఇస్తుంది. టిజానిడిన్ వేరే దారిలో అదే పని చేస్తుంది. రెండిటితోనూ మత్తు, నీరసం రావచ్చు. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం, ఫిట్స్ వరకు వెళ్లొచ్చు. బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ నరం కొసలో రసాయనం విడుదల కాకుండా అడ్డుకుంటుంది, ఎంచుకున్న కండరం ఒక్కదాన్నే వదులు చేస్తుంది, ప్రభావం సుమారు మూడు నెలలు. ఇవన్నీ నరం వాటాను తగ్గించేవే. కొల్లాజెన్‌ను కరిగించేవి, పోయిన సార్కోమియర్లను తిరిగి చేర్చేవి ఇందులో ఏవీ లేవు. టార్డ్యూ తేడా 5 డిగ్రీలే ఉన్న కాలికి ఖరీదైన ఇంజెక్షన్ ఇప్పించి, ఫలితం లేదని కుటుంబం నిరాశపడితే తప్పు మందుది కాదు, ఎంపికది.

సాగదీయడం కండరం వాటాకు విరుగుడు అవుతుందని అంతా అనుకున్నారు. 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే సమీక్ష) ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. ఏడు నెలల లోపు చేసిన స్ట్రెచింగ్ వల్ల కీలు కదలికలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని అది తేల్చింది. పిల్లుల ప్రయోగంలో రాత్రింబవళ్లు సాగి ఉన్న కండరానికీ, రోజుకు అరగంట సాగదీసిన చేతికీ పోలిక కుదరకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. దీనర్థం ఫిజియోథెరపీ దండగ అని కాదు. వాడకం, బలం పెంచే వ్యాయామం, నడక సాధన వేరే లెక్క. సమీక్ష మాట్లాడింది సాగదీయడం గురించి మాత్రమే.

పొట్టిబడిన కండరానికి వరసగా మార్చే ప్లాస్టర్ కట్లు, అవీ చాలకపోతే టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని) పొడవు చేసే శస్త్రచికిత్స మిగులుతాయి. మడమ పైనున్న టెండన్‌ను అవసరానికి మించి పొడవు చేస్తే పిల్లవాడు మోకాళ్లు వంగిపోయి కూలబడినట్టు నడుస్తాడు, దాన్ని సరిచేయడం మొదటి సమస్యకన్నా కష్టం. కాబట్టి ఎంత కోయాలన్నది ముందే తేల్చకుండా, మత్తు ఇచ్చాక బల్ల మీద కాలిని మరోసారి కదిపి చూస్తారు. గాఢమైన మత్తులో రిఫ్లెక్స్ ఉండదు. వార్డులో ఇనుములా ఉన్న పాదం కొందరిలో అక్కడ మామూలు పాదంలా సులువుగా పైకి వస్తుంది. కొందరిలో అంగుళం కూడా కదలదు.